చీకటి గదిలో నీ గొంతు

అమ్మకు,

నమస్కారం. నేను క్షేమం. నువ్వూ చెల్లీ కూడా క్షేమమేననుకుంటూ మొదలుపెడుతున్నాను.

ముందు అన్యాయం సంగతి. మా కాలేజీ స్టూడియో ఊడ్చే అక్క మధ్యాహ్నం మెట్ల మీద బకెట్‌కి తల ఆనించి కునుకు తీస్తుంటే మా గైడ్ సారు ఫొటో తీశాడు. ఆమెనడగలేదు. ఆరడుగుల ఎత్తున అచ్చువేయించి ఎగ్జిబిషన్ హాలు గుమ్మంలోనే తగిలించాడు. కింద 'విశ్రాంతి' అని రాశాడు, ఆమె పేరు మాత్రం లేదు. శ్రమ ఒకరిది, చప్పట్లు ఇంకొకరివి! ఆ పూటే కరపత్రం రాసి నలభైమంది చేత సంతకాలు పెట్టించాను. నా కోపం ముక్కు మీదుంటుందనీ, దాని మీద ఈగ వాలినా సభ పెడతాననీ నవ్వేదానివి కదా. ఈసారి వాలింది ఈగ కాదమ్మా, ఏనుగు.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను. ఈ ఫొటోలూ వీడియోల పీజీతో ఏ ఉద్యోగమొస్తుందని పిన్ని మళ్లీ అడిగిందన్నావు. ఏదీ రాకపోతే ఆవిడకే జీవితాంతం పాస్‌పోర్టు ఫొటోలు తీసిపెడతానని చెప్పు. రెండు వారాలుగా ఫోనెందుకు చేయడం లేదన్నావు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. అక్షరాలు ఇంత లావుగా రాసిందీ అందుకే. చెల్లి చేత చదివించుకోకు.

నిన్న సంతకం కోసం అక్క దగ్గరికెళ్లాను. వేలిముద్రయినా చాలన్నాను. చదవడం వచ్చంటూ చీపురు పక్కనపెట్టి, కరపత్రం చివరిదాకా చదివింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ చీకటి గదిలో మాట్లాడేది మీ అమ్మగారంట కదా. ఆవిడనడిగావా బాబూ?"

కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అమ్మా, ఈ ఎగ్జిబిషన్‌లో నా పరీక్ష పని ఆ గదే. లోపల దీపం ఉండదు. తాళ్లకు వేలాడే చొక్కా కాలర్లు తడుముకుంటూ నడవాలి. స్పీకర్లో నీ గొంతు వినబడుతుంది. కుడికన్ను మసకబారిందనీ, ఫ్యాక్టరీలో కుట్టు మంచిచెడ్డలు వేళ్లతోనే పోల్చుకుంటున్నాననీ, సూపర్‌వైజర్‌కి తెలిస్తే ఆ పూటే పంపించేస్తాడనీ పోయిన నెల ఫోన్లో చెప్పి, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నావు. అదంతా రికార్డు చేశాను. మొదట నీ మాట దాచుకుందామనే చేశాను. మాష్టార్లు విని, ఈ బ్యాచ్‌లో ఇదే గొప్ప పని అన్నారు. ఆ మాటకు పొంగిపోయి ఒట్టు గట్టున పెట్టాను. మీ సూపర్‌వైజర్ కూతురు మా జూనియరని తెలిసి కూడా.

ఆయన అక్క కునుకు దొంగిలించాడు. నేను నీ కన్ను దొంగిలించాను.

జనం వినేది శనివారం నుంచే. నిన్ననే ప్లగ్గు పీకేశాను. శనివారం గది మూసుంటే నాకు ఈ ఏడాది పోయినట్టేనన్నాడు గైడ్ సారు. పోతే పోనీ అని అరిచాను గానీ, రాత్రంతా ఫీజు లెక్కలే వేసుకున్నాను. ఇప్పుడే చెరిపేయొచ్చు. కానీ అదీ నిన్నడగకుండా చేసినట్టే అవుతుంది. నా చదువు కోసమని మాత్రం ఒప్పుకోకు. నీ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదని నాకు తెలుసు.

శనివారం మొదటి బస్సెక్కి తొమ్మిదింటికల్లా వెనక గేటు దగ్గరికి రా. పదింటిదాకా జనాన్ని రానివ్వరు. ఆ గంటసేపు గది నీది, ఇంకెవరూ లోపలికి రారు. నువ్వు విను. చెరపమంటే నీ ముందే చెరిపేస్తాను. అక్క కూడా అదే వేళకు తన ఫొటో దగ్గరికి వస్తోంది. ఉంచాలో దించాలో తనే చెబుతుందట. సంతకం పెట్టిన నలభైమందీ ఆమె వెనకే నిలబడతారు. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వను.

గేటు దాటగానే ఏడు మెట్లున్నాయి. తొమ్మిదింటికి. చెయ్యి పట్టుకోవడానికి నేనుంటాను.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ కొడుకు