రత్నం కూర్చున్న రెండు గంటలు

మంగళవారం, రాత్రి

మధ్యాహ్నం మా అమ్మాయి రత్నం వాళ్ళమ్మను చూడడానికి విశాఖ నుంచి వచ్చింది. మందుల మత్తులో ఆమె నిద్రపోతోంది. లేపబోతే, "ఒద్దు నాన్నా, పడుకోనీ" అని మంచం పక్కన చెయ్యి పట్టుకుని కూర్చుంది. అలా రెండు గంటలు గడవగానే బస్సుకి లేచింది.

నాకు కష్టమనిపించింది. "రెండ్రోజులు సెలవెట్టకూడదేటే?" అన్నాను. బెల్లం కొట్లో లెక్కలు రాసే నాది నెల జీతం. వారం నుంచి వెళ్ళకపోయినా షావుకారు కోత పెట్టలేదు. దానికీ అంతే అనుకున్నాను.

అది నవ్వింది. "నాకు సెలవేటి నాన్నా? గోడౌన్లో పని సేసిన గంటకే డబ్బులు. ఈ రెండు గంటలూ అమ్మకిచ్చీసేననుకో. ఇంకా కూకుంటే అమ్మ మందులకేటి పంపను?"

ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళ్ళి బస్సెక్కించాను. దారిలో తినమని డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ మెలకువగా ఉంది. గుమ్మం వైపు చూస్తూ, "రత్నం గుంట ఇంకా రాలేదేటి?" అంది.

వచ్చి వెళ్ళిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. "రేపొస్తాదట" అనేశాను. ఎందుకన్నానో తెలియదు. రేపు పొద్దున్న ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు.

ఆ మాటకే ఆమె ముఖం తేటపడింది. "నేను పడుకుండిపోతే లేపండి" అంది. దువ్వెన తెమ్మని, నా చేత తల దువ్వించుకుని, ఇప్పుడే కళ్ళు మూసుకుంది.