మెడ కదపొద్దన్నాను

14 నవంబరు 1984, సారంలో అద్దె గది

సాయంత్రం మా ఇంటి ఓనరు గోవిందు గారు టీవీ యాంటెన్నా సరిచేస్తూ మేడ మీదనుంచి పడ్డారు. నేను పరుగెత్తి వెళ్లేసరికి పక్కింటివాళ్లు చంకల కింద చేతులు పెట్టి లేపబోతున్నారు.

"లేపొద్దు, మెడ కదపొద్దు!" అని అరిచాను.

ఆయన భార్య నామీద మండిపడింది. "ఏంది పాపా, మనిషి పడుంటే అట్టే ఇడిసేయమంటావా? ఆసుపత్రికి ఎత్తుకోని పోవద్దా?"

"మెడ ఎముక విరిగుంటే, లేపేటప్పుడు లోపలి వెన్నుపాము నలిగిపోతుందక్కా. కాళ్లూ చేతులూ పడిపోతాయి."

నేను మెడిసిన్‌లో చేరి ఎన్నాళ్లయిందని! మెడలోని ఏడు ఎముకలను బల్ల మీద తిప్పి చూశానే తప్ప, నొప్పితో మూలిగే మనిషిలో ఎప్పుడూ చూడలేదు.

స్నానాల గది తలుపు ఊడదీయించాను. నేను తలను రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంటే, మిగతావాళ్లు ఆయనను తలుపు మీదికి చేర్చారు. ఆసుపత్రికి వెళ్తూ వ్యాన్‌లో కాలివేళ్లు కదపమన్నాను. ఎడమకాలివి కదిలాయి. కుడికాలివి కదల్లేదు.

ఎక్స్‌రేలో మెడ ఎముక చిట్లిందని తేలింది. వాపు తగ్గేదాకా ఏమీ చెప్పలేనన్నారు డాక్టరు. ఆయన పడ్డప్పుడే వెన్నుపాము దెబ్బతిందా, మేం ఎత్తినప్పుడా? నా పట్టు ఎక్కడైనా జారిందా?

తిరిగి వస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చదువుతుండావు గదా, చెప్పు పాపా. నడుస్తాడా?"

"నడుస్తారక్కా" అనేశాను. ఆమె నమ్మింది.