డోంగ్లిలో వేడినీళ్లు

డోంగ్లి, 12 జూన్ 1944

ప్రియమైన శాంతక్కకు,

మీ శిష్యురాలు ప్రేమల నమస్కారాలు. కాన్పులు చేయడానికి నన్నీ ఊరికి పంపి నెల దాటింది, ఒక్క కాన్పుకూ పిలుపు రాలేదు. బాన్సువాడ దవాఖానలో మీరు మాకు మొట్టమొదట నేర్పిందేమిటి? కాన్పింట అడుగు పెట్టగానే వేడినీళ్లడిగి కత్తెర మరిగించమని. ఇక్కడ బొడ్డు కోసే మనిషిని పొయ్యి దరిదాపులకే రానివ్వరు. "మైల ముట్టెదానివి, ఆడ్నే నిలబడు" అంటారు. నాకు బస ఇచ్చిన ఇంట్లోనూ వసారా వరకే; అన్నం ఆకులో పెట్టి జరుపుతారు. ముసలి మంత్రసాని పార్వతీబాయి కొడవలితోనే బొడ్డు కోస్తుంది. అలసిపోయానక్కా. నా బదిలీకి ఒక మాట రాయండి.

మీ ప్రేమల

బాన్సువాడ, 17 జూన్

చిరంజీవి ప్రేమలకు,

ఆశీస్సులు. కాన్పుల పని నేర్చుకోవడానికి కొత్తగా ఆరుగురు ఆడపిల్లలు చేరారు. పొద్దంతా చెప్పి చెప్పి గొంతు పోయింది. నీకు వేరే చెప్పాలా? మూడు నెలలు ఓపిక పట్టు, వాళ్లే పిలుస్తారు. పార్వతీబాయితో మాత్రం మాట కలపకు. నిన్నూ ఆమెనూ ఒకే గాటన కడతారు. బదిలీ మాట ఎత్తకు.

శాంతకుమారి

డోంగ్లి, 8 జూలై

శాంతక్కకు,

ఆశన్న భార్య లక్ష్మవ్వ కాన్పుకు మొదటిసారి నన్ను పిలిచారు. గడపలో నిలబడి వేడినీళ్లు అడుగుతూనే ఉన్నాను. ఎవరూ కదల్లేదు. అంతలో పార్వతీబాయి వచ్చి కొడవలితో కోసేసింది. ఎనిమిదోనాడు ధనుర్వాతంతో బిడ్డకు దవడలు బిగుసుకుపోయాయి. మగబిడ్డక్కా. నిన్న పూడ్చిపెట్టారు.

పార్వతీబాయి నా వసారాకొచ్చి ఏడ్చింది. "నా గుడిసెల పొయ్యి లేదా బిడ్డా? నన్నడిగితే నీళ్లు కాగబెట్టకపోదునా? పలకరిస్తె మొఖం తిప్పుకుంటివి" అంది. మీరు చెప్పినట్టే చేశాను. 17వ తేదీ సోమవారం బండెక్కి వచ్చేస్తాను. మీరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

ప్రేమల

బాన్సువాడ, 13 జూలై

ప్రియమైన ప్రేమలా,

నీ ఉత్తరం చదివాక పాఠం చెప్పలేకపోయాను. పదేళ్ల కిందట నన్నూ డోంగ్లికే పంపారు. నలభై రోజులకే పారిపోయి వచ్చాను. ఆ వసారా, ఆ ఆకు నాకు తెలుసు. మూడు నెలలకు పిలుస్తారన్నది నేను అల్లుకున్న మాట, అన్నాళ్లు నేనెక్కడున్నాను? పార్వతీబాయి నన్నూ పలకరించింది. నేనూ మొహం తిప్పుకున్నాను. అదే నీకు పాఠంగా చెప్పాను. ఆ బిడ్డ ఉసురు నీకు కాదు, నాకు తగులుతుంది.

డాక్టరుగారితో మాట్లాడాను. సోమవారం నువ్వు దిగిన బండిలోనే నేను డోంగ్లికి వెళ్తాను. నా ఒంట్లో ఓపిక లేదు, అయినా వెళ్తాను. ఇక్కడి ఆరుగురికీ నువ్వే పాఠం చెప్పు. వేడినీళ్లు అడగమని నేను చెప్పాను. ఎవరిని అడగాలో నువ్వు చెప్పు.

వచ్చేటప్పుడు పార్వతీబాయి గుడిసెకు దారి కాగితం మీద గీసి తీసుకురా. అక్కడున్న నలభై రోజుల్లో నేనొక్కసారీ ఆ వైపు వెళ్లలేదు.

నీ శాంతక్క