గలిజేరు దండ

అక్కా,

లివరు జబ్బుల పైచదువు ముగించి మద్రాసు నుంచి అమలాపురం వచ్చేశాను. నీకు కామెర్లొచ్చినప్పుడు అమ్మ నీ మెడలో గలిజేరు కాడల దండ వేసింది. అది సాగి కిందికి దిగుతుంటే జబ్బూ దిగుతోందని మురిసిపోయాం. నువ్వు పగలంతా నిద్రపోతుంటే కోలుకుంటున్నావనుకున్నాం. ఆ నిద్రలోంచి నువ్వు లేవలేదు.

పోయిన నెల రాజోలు నుంచి ఒకావిడ కూతుర్ని తెచ్చింది. అలాంటి దండే, అలాంటి నిద్రే. "దండైతే దిగిందండీ, పిల్ల అన్నానిక్కూడా లేవట్లేదండీ" అంది. ఆ మత్తు చూడగానే లివరు ఓడిపోతోందని తెలిసింది. ఎలా నిలబెట్టాలో కూడా ఈసారి తెలుసు.

ఈరోజు ఆ పిల్ల తెల్లటి కళ్లతో నవ్వుతూ, తన దండ తీసి నా మెడలో వేసింది.

"డాక్టరమ్మగారు గెలిచేరండి, ఆయ్!" అంది వాళ్లమ్మ.

ఆ దండతోనే వార్డంతా తిరిగానక్కా. ఇంకా తియ్యలేదు.