పార్కు మలుపులో మీ బావ

తమ్ముడూ,

ఏ ఫిట్‌నెస్ బ్యాండు కొనుక్కోమంటావని అడిగావు. ముందు జరిగింది విను. 

నిన్న పొద్దున, నాతోపాటు కుట్టుపని చేసే పెద్దావిడతో కలిసి పార్కులో నడుస్తున్నాను. మలుపులో మీ బావ నిలబడి ఉన్నాడు. ఆయన ఇల్లు విడిచి వచ్చాక నేను ఈ ఊళ్లో ఉంటున్నట్టు నీకు తప్ప ఎవరికీ తెలియదు కదా.

"రోజూ ఇక్కడే నడుస్తున్నావుగా. పద, ఇంటికెళ్దాం," అన్నాడు, ఏమీ జరగనట్టు. నేను వెనక్కి జరిగాను. పెద్దావిడే నా చెయ్యి పట్టుకుని, "ఈమె ఎక్కడికీ రాదు. దారి వదులు బాబూ," అంది. జనం చేరేసరికి వెళ్లిపోయాడు.

నేను రోజూ నడిచే చోటు ఆయనకెలా తెలిసిందా అని ఆలోచిస్తే నా చేతికున్న బ్యాండు మీద అనుమానం వచ్చి, అది కొన్న షాపుకు పరిగెత్తాను. షాపతను నా ఫోనులో ఆ బ్యాండు యాప్ తెరిచి చూసి, "మీరు నడిచే దారి అందరికీ కనిపిస్తోందమ్మా. మొదటినుంచీ అలాగే ఉంటుంది, మనమే ఆపుకోవాలి," అన్నాడు. అందులో నువ్వు పిలిచే ముద్దుపేరే పెట్టుకున్నాను. మీ బావకు ఆ పేరు తెలుసుగా, వెతికి పట్టుకోడానికి అదే చాలింది.

కాబట్టి పేరు అడగనిదీ, ఫోనుతో పని లేనిదీ, దారి గుర్తుపెట్టుకోనిదీ కొనుక్కో. అడుగులు లెక్కపెడితే చాలు.

నేను రేపు ఇల్లు మారుతున్నాను. కొత్త చిరునామా నీక్కూడా రాయను. నీ మీద నమ్మకం లేక కాదురా. నీ ఫోను ఎవరికేం చెబుతోందో నీకూ తెలియదు కదా.

మీ అక్క