ఏ పచ్చ?

తాయమ్మా,

రంగులేసే గిరి వస్తే ముందర గోడ ముట్టుకోవద్దని చెప్పు. లోపల వంటింటికి తెల్లరంగు మటుకు కొట్టమను. ముందర గోడకు కొట్టంగా మిగిలిన డబ్బా పారేయొద్దు, గొడ్లకొట్టానికి పనికొస్తాది.

పచ్చరంగు తెమ్మంటివి, తెచ్చినాను. మా సత్యవేడులో పచ్చంటే ఆకు రంగే. మీ కడప పక్క పసుపును కూడా పచ్చంటారని పెండ్లయి నలభై ఏండ్లయినా నాకు తట్టలేదు. దానికి నిన్నటి నుంచి మాట్లాడకుండా ఉండాల్నా? గోడ చూసి ఏడ్చినావంట, గిరి చెప్పినాడు. ఈ ఇంటికి నువ్వు నోరు తెరిచి అడిగింది ఆ ఒక్క రంగే.

తిరుపతికి పోయి నువ్వడిగిన పచ్చ తెస్తాను. సాయంత్రం బస్సుకు వచ్చేస్తా. సంకటి ఉంచు.

పెట్టెలో నీ పెండ్లినాటి పసుపు చీర కనపడలేదని వెతకొద్దు. అంగట్లో నోటితో చెప్పకుండా దాన్నే చూపిస్తాను.