నడిమి గోడ

అక్కయ్యకి,

నీ మీద కోపంగా ఉంది కాబట్టి "మీరు" అని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఒకే ఇంటి కోడళ్ళుగా ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాక ఇప్పుడు కొత్త మర్యాదలేమిటని ఊరుకున్నాను.

మామగారి పాత పశువుల కొట్టాన్ని ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టలేవు. రెండు వాటాల ఇల్లయింది. కూలిన కప్పు లేచింది. బయటి రాతిగోడలకి లోపలివైపు చలి రాకుండా గొర్రె ఉన్ని మందంగా కూరి, పైన చెక్క కొట్టారు. కిటికీలకి రెండు పొరల అద్దాలు. ఎండ వచ్చేవైపు పెద్దవి, గాలి కొట్టేవైపు చిన్నవి. మొన్న తలుపులన్నీ మూసి, ఇంజనీరు పొగ వచ్చే పుల్ల ఒకటి పట్టుకుని మూలమూలా తిరిగాడు. పొగ కదిలిన చోట సందు ఉన్నట్టట. మీ మరిది ఊపిరి బిగబట్టి ఆయన వెనకాలే నడిచారు, తన ఊపిరికి పొగ కదిలితే ఇంటికి చెడ్డపేరు వస్తుందని! చలికాలమంతా ఒక్కో వాటాకి ఒక్క చిన్న పొయ్యి చాలంటున్నారు. ఆవులు నీళ్ళు తాగిన రాతి తొట్టి మాత్రం నేను తియ్యనివ్వలేదు. దాని మీద చెక్క వేస్తే కూర్చోడానికి నీ మోకాళ్ళకి సరిపోయే ఎత్తు. అది నీ వాటాలోనే ఉంది.

నీ వాటా అని రాసి ఆగిపోయాను. ఇద్దరం కలిసి కలలు కన్న ఇల్లు. పని మొదలైన రోజు చూసి వెళ్ళినదానివి ఏదో ఒక వంకతో మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. చివరికి మీ మరిది అన్నం తింటూ, "అన్నయ్యవాళ్ళు అద్దింట్లోనే ఉండిపోతారట. ఆ ఉప్పిలా ఇవ్వు" అన్నారు. ఉప్పు ఇచ్చాను. లేచి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ మాట నువ్వు నాకు చెప్పలేకపోయావా? నేనేం చేశానని?

ఇప్పుడు మేస్త్రీ నా ప్రాణం తీస్తున్నాడు. మన రెండు వాటాల మధ్య గోడ ఉంది చూడు, దాని సంగతి. ఇంజనీరు మొదట నేలమీద సుద్దతో గీసినప్పుడు దాన్నీ బయటి గోడంత లావున గీశాడు. నువ్వు వెళ్ళిన మర్నాడు చూసి, "ఇలా ఎవరడిగారండీ?" అన్నాను. "అన్నదమ్ముల ఇళ్ళు కదమ్మా, ఒకరి మాట ఒకరికి వినపడకూడదంటారు అందరూ. నేనే గీసేశాను" అన్నాడు. "మా అక్కయ్య దగ్గితే నాకు వినపడాలి" అని తుడిపించి సన్నగా గీయించాను. రెండువైపులా మనుషులుంటే ఆ గోడకి ఉన్ని అక్కర్లేదట, అటు వేడి ఇటు, ఇటు వేడి అటు సర్దుకుంటుందట. అటు ఖాళీ అయితే మాత్రం అదీ బయటి గోడ కిందే లెక్క. "ఉంటారా, ఉండరా? ఒక్క ముక్క చెప్పండమ్మా, ఉండరంటే ఉన్ని కూరి మూసేస్తాను" అంటున్నాడు. వారం చివరిదాకా ఆగమన్నాను.

ఏం చెప్పమంటావు?

నీ
చెల్లి

*

చెల్లికి,

ఉన్ని వద్దని చెప్పు. ముందు వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చి, తర్వాత మిగతాది చదువు.

ఆ సుద్దగీత నేను చూశాను. పాదం పెట్టి కొలిచాను కూడా. బయటి గోడ ఎంతో అదీ అంతే. నువ్వే అడిగి ఉంటావనుకున్నాను. చలిగాలినీ నన్నూ ఒకే లెక్కలో వేశావనుకుని, ఆ సాయంత్రమే బయల్దేరి వచ్చేశాను. నిన్ను అడగడానికి భయం వేసింది. అవునంటే ఏం చెయ్యను? మీ బావగారితో "మనం వెళ్ళొద్దు" అన్నానే గాని ఎందుకో చెప్పలేదు. పాపం, తన గురకకి జడిసి వద్దన్నాననుకుని, అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

నువ్వు మర్నాడే తుడిపించేశావు. నేను మాత్రం ఆ గీతని ఇక్కడిదాకా మోసుకొచ్చాను.

సామాన్లు సర్దుతున్నాం. ఆ గోడకి ఒక తలుపు పెట్టించు. గొళ్ళెం నా వైపే ఉండాలి, తలుపు తట్టి రావడం నీకు ఏనాడూ అలవాటు లేదు. మేం చేరేసరికి సాయంత్రమవుతుంది. ఎదురు రావద్దు, నీ ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లదు. లోపలికి వెళ్ళి నా పొయ్యి వెలిగించుకుంటాను. కాసేపయ్యాక నీ వైపునుంచి గోడమీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే, గొళ్ళెం తీసే ఉంటుంది.

నీ
అక్కయ్య